చలిదేశపు కారు, కడుపుమంట తాత

అసూయకు పోటీలు పెట్టి కప్పులు పంచే ఆచారం గనక ఉండి ఉంటే, ఈ దేశంలోని కప్పులన్నీ మా తాత వెంకట్రాజం ఒక్కడే గెలుచుకునేవాడు. రెండో బహుమతి ఇంకెవరికో ఇచ్చారని తెలిసిన మరుక్షణం పోయి దాన్ని కూడా గుంజుకొచ్చేవాడు. ఇది మనుమరాలు కొట్టుకునే డబ్బా కాదు. ఆ రోజుల్లో వరంగల్ చౌరస్తాలో ఎవరిని ఆపి అడిగినా ఇదే మాట చెప్పేవారు. కాకపోతే కొంచెం గొంతు తగ్గించి, మా దుకాణం వైపు ఒకసారి చూసుకుని చెప్పేవారు.

పక్కింటాయనకు జ్వరం వస్తే మా తాతకు నిద్ర పట్టేది కాదు. "నూట రెండు ఉన్నదట! నాకు ఇంత వయసు వచ్చినా నూటొకటి దాటలే," అని మంచం మీద అటూ ఇటూ దొర్లేవాడు. కాశిబుగ్గలో ఎల్లస్వామి పోయినప్పుడు సాగనంపి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే గుమ్మంలో కూలబడ్డాడు.

"వాని వెనక ఎంతమంది నడిచిన్రనుకున్నవే! ఇటు చూస్తె జనం, అటు చూస్తె జనం. నేను పోతె అంతమంది వస్తరా?"

"ఇంకెక్కువే వస్తరు," అంది నాయనమ్మ. "నిజంగ పోయినవో లేదో చూసుకోనీకి."

"కడుపు మండుతాందే" అన్నది ఆయన ఊతపదం. ఆ మాట వినబడగానే నాయనమ్మ సోమలక్ష్మి లేచి మజ్జిగ చిలికేది. మా ఇంట్లో మజ్జిగ ఎంత అయిపోతుందనేది ఊళ్ళో వాళ్ళ అదృష్టాన్ని బట్టి ఉండేది. ఎవరింట్లోనైనా కవల పిల్లలు పుడితే మాకు ఆ పూట పెరుగు మిగిలేది కాదు.

మాది ఇత్తడి సామాను దుకాణం. సరిగ్గా ఎదురుగా రామలింగం బట్టల దుకాణం. ఇద్దరూ ఒకే పంతులు చేతి బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళు. రామలింగానికి రెండు దెబ్బలు ఎక్కువ పడ్డాయని మా తాతకు అప్పటి నుంచే లోపల గుర్రు. అటువంటి రామలింగం అరవై రెండులో కొత్త కారు కొన్నాడు. నల్లటి దేశవాళీ కారు, చూడి బర్రెలాగా నిండుగా వచ్చి దుకాణం ముందు నిలబడింది.

మా తాత మూడు రోజులు మజ్జిగ మీదే బతికాడు. నాలుగో రోజు రైలెక్కి హైదరాబాదు పోయాడు.

అక్కడ ఒక దేవిడీలో, పాత బంగళాలో, ఉండే దొర దేశం విడిచిపోతూ ఉన్నవన్నీ అమ్మేస్తున్నాడు. కారు కొనేవాళ్ళు ఇంజను చూస్తారు, టైర్లు చూస్తారు. మా తాత వేలి కణుపుతో తట్టి చూశాడు. ఇత్తడి బిందె కొనేటప్పుడు మా వాళ్ళు అట్లాగే చూస్తారు. మోత గుండ్రంగా సాగితే మంచి బిందె, గరగరమంటే ఎక్కడో పగులు ఉన్నట్టు. ఆయన తలుపులు తట్టాడు, పైకప్పు తట్టాడు, దీపాల గిన్నెలు తట్టాడు, వంగి చెవి ఆనించి విన్నాడు.

"మోత మంచిగుంది. ఎక్కడ పగులు లేదు. కట్టియ్యి," అన్నాడు.

అట్లా వచ్చింది మా ఇంటికి ఆ విలాయతి కారు. ముదురెరుపు రంగు, తోలు సీట్లు, అద్దంలాగా మెరిసే చెక్క పలక. పందెం కోడిలాగా మెడ చాచి, నేలకు పొట్ట ఆనించి నిలబడేది. దాని పేరు పలకడం ఏడో తరగతి రెండుసార్లు చదివిన నాకే రాలేదు, ఇంక మా ఇంట్లో ఎవరికి వస్తుంది? చలిదేశంలో పుట్టిందని చెప్పారు కాబట్టి చలిదేశపు కారు అనేవాళ్ళం. కారుతో పాటు ఒక స్పేరు టైరు, ఒక జాకీ, ఒక మొగిలయ్య వచ్చారు.

మొగిలయ్య దేవిడీలో ఇరవై ఏళ్ళు డ్రైవరుగా చేసిన మనిషి. కారు అమ్ముడుపోయింది గాని మొగిలయ్యను ఏం చెయ్యాలో అక్కడ ఎవరికీ తోచలేదట. ఆయన, ఆయన భార్య బక్కమ్మ మా వెనకింటి గదిలో దిగారు. "ఈ బండి తప్ప ఇంకో బండి స్టీరింగు ముట్ట" అన్నది ఆయన పట్టింపు. కాబట్టి కారు ఉంటే మొగిలయ్య ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, కారు పోతే ఆరుతుంది. ఈ సంగతి మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు.

వచ్చిన రోజు మొగిలయ్య బానెట్టు మీద చెయ్యి వేసి, బిడ్డను చూపించినట్టు చూపించాడు.

"అమ్మా, ఇది కుటుంబం కూసునే పందెం బండి. గంటకు నూట ఇరవై మైళ్ళు ఉరుకుతది."

"ఎక్కడికి?" అని అడిగింది నాయనమ్మ.

వరంగల్ బజారులో ఎడ్లబండ్లు, రిక్షాలు, మేకలు, పెండ్లి బాజాలు దాటుకుని నూట ఇరవై మైళ్ళ వేగంతో పోవలసిన పని ఎవరికీ లేదు. గడియారంలాంటి దాంట్లో నూట నలభై దాకా అంకెలుండేవి. ముల్లు పది దగ్గర పడుకుని ఉండేది. ఎప్పుడైనా పన్నెండుకు లేస్తే నాయనమ్మ ముడుపు కట్టేది.

ముందుగా దాని పొట్టతో తిప్పలు. మా వీధిలో ప్రతి ఇంటి ముందు దారికి అడ్డంగా ఒక మురుగు మోరీ, ప్రతి మోరీ మీద ఒక ఎత్తు బండ. మనుషులు కూర్చుంటే కారు పొట్ట బండకు గీసుకుని, పలక మీద బలపం గీసినట్టు కీచుమనేది. అందుకని మోరీ వచ్చినప్పుడల్లా అందరం దిగాలి, కారు ఖాళీగా దాటాలి, మళ్ళీ ఎక్కాలి. దిగడం అంటే మామూలు దిగడం కాదు. సీట్లు బావిలో ఉన్నట్టు ఉండేవి. నాయనమ్మను బయటికి లాగడానికి ఇద్దరు కావాలి. కారు కొన్నాక మా ఇంట్లో అందరికీ నడక ఎక్కువైంది.

ఇంక దాని ఒంటి వేడి. పందెం బండి గదా, ఉరికితేనే దాని ఇంజనుకు గాలి. మెల్లగా నడిపిస్తే కోపంతో ఉడికిపోయేది. ఫర్లాంగుకోసారి ముక్కులోంచి పొగలు కక్కుతూ నిలబడేది. ఇత్తడి దుకాణం వాళ్ళం కాబట్టి బిందెలకు కొదవ లేదు. డిక్కీలో నాలుగు బిందెల నీళ్ళు లేనిదే బయలుదేరేవాళ్ళం కాదు. మేం ఊరికి పోతున్నామో నీళ్ళకు పోతున్నామో చూసేవాళ్ళకు తెలిసేది కాదు.

అన్నిటికంటే ఘోరం వేడిగాలి. చలిదేశపు దొరల కాళ్ళు వెచ్చగా ఉండడానికి కింద నుంచి వేడిగాలి వచ్చే ఏర్పాటు ఉండేది. దాన్ని ఆపే బుడిపె మొదటి వారంలోనే ఊడి మా తాత చేతికి వచ్చింది. అప్పటి నుంచి రోహిణి కార్తెలో కూడా కాళ్ళ మీద కొలిమి ఊదినట్టే. నాయనమ్మ ఊరికే ఉండే మనిషి కాదు. పాలల్లో ఇంత తోడు వేసి గిన్నె కాళ్ళ దగ్గర పెట్టుకునేది. హన్మకొండ చేరేలోపు గట్టి పెరుగు.

ఒక పండుగ ముందు రోజు ఆమె కారు ముందు వెనక ఉన్న మెరుపు కడ్డీలను చింతపండు, ఇటుక పొడి వేసి తోమింది. మా ఇంట్లో మెరిసేదేదైనా అట్లా తోమాల్సిందే. అవి ఇత్తడివి కావని ఎవరికి తెలుసు? సాయంత్రానికి మెరుపంతా గీరుకుపోయి కడ్డీలు పాత గరిటెల్లాగా తయారయ్యాయి. మొగిలయ్య వాటిని చేత్తో తడిమి, తలపాగా తీసి పక్కన పెట్టి కూర్చున్నాడు. బక్కమ్మ వచ్చి, "ఎవ్వలు పోయిన్రు?" అని అడిగింది.

ఇంజను పట్టీ తెగితే విలాయతికి ఉత్తరం రాయాలన్నారు. కాశిబుగ్గలో మగ్గం నేసే కట్టయ్య, మగ్గానికి కట్టే తాడు పేని బిగించి ఇచ్చాడు. అది రెండు నెలలు నడిచింది. అప్పుడూ మా తాత సంతోషించలేదు. "కట్టయ్య మగ్గం ఒక్కనాడన్న ఆగదు చూడు. వానికి పెట్రోలు వద్దు, నీళ్ళొద్దు. నా కడుపు మండుతాంది," అన్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, కారులో మా తాత నోరు ఒక ఎత్తు. ముందు సీట్లో మొగిలయ్య పక్కన కూర్చున్నాడంటే దారిలో కనబడిన ప్రతి ప్రాణి మీద ఏడుపే.

"ఒరే మొగిలీ, కుడి దిక్కు చూడు, వెంకటయ్య ఎడ్లు! ఐదు గజాల దూరం లేవు. ఎట్ల బలిసినయిరా! నా ఇంట్ల ఒక్క లేగదూడన్న ఉన్నదా?"

"అవ్ శేటూ," అని మొగిలయ్య బండి ఎడమకు తిప్పేవాడు.

"ఎడమ పక్క రిక్షాకు కొత్త టాపు! ఆగిండు, దారి నడుమనే ఆగిండు. టాపు చూపిచ్చుకోనీకే ఆగిండు. నేను ఓర్వ!"

"అవ్ శేటూ." బండి ఆగేది.

"ఆ ముసలామె చూడు, ఈ వయసుల ఎంత ముచ్చటగ రోడ్డు దాటుతాంది! నీ అమ్మ కంటె మెల్లగ నడుస్తాంది. నాకు సుత అట్ల ఫికర్ లేకుండ నడవాలని ఉన్నది."

మేకను చూసి ఏడ్చేవాడు, గుంతను చూసి ఏడ్చేవాడు. "ఎంత లోతు గుంతరా! మన వీధిల ఇట్లాంటి గుంత ఒక్కటి లేదు!" వెనక సీట్లో మాకు నవ్వాగేది కాదు. నాకు మాత్రం ఆ ముందు సీటు మీద కన్ను. తాత ఒక్కనాడు కూడా అక్కడ కూర్చోనిచ్చేవాడు కాదు. "ఏడ్చేదేదో నేను కూడా ఏడుస్తా గదా, నాకిస్తే ఏం?" అని అడిగితే, "నీకు ఏడ్చుడు ఇంకా రాదు. నేర్చుకున్నంక చూద్దాం," అనేవాడు.

రెండేళ్ళు అట్లా గడిచాయి. మా బాపు పాండురంగం అమ్మేద్దామన్నాడు. నాయనమ్మ అమ్మేద్దామంది. రామలింగమే కొంటానని ముందుకొచ్చాడు, రోజూ సాయంత్రం మా దుకాణం గద్దె మీద కూర్చుని అదే పాట.

"అమ్మురా వెంకట్రాజం. మా ఇంటి ముందు పెట్టుకుంట. కోళ్ళు గూడు లేక పరేషాన్ అయితున్నయి."

"నీ కోళ్ళ మీద పిడుగు పడ! నా పానం పోయినా అమ్మ."

"మరి మొగిలయ్యను నాకియ్యి. నా బండి తోల్తడు."

"నా డ్రైవరు నీ బండి ముట్టుకుంటె నేను ఓరుస్తనా? వాడు ఎవ్వల బండి ముట్టడు!"

నాయనమ్మకు విసుగొచ్చింది. కార్తీక సోమవారం మడికొండ మెట్టుగుట్ట గుడికి పోవాలని మొక్కింది. తాతను కొడుకు పేరుతో పిలిచి, ఆ మొక్కుకు ఒక తోక కూడా తగిలించింది.

"ఇగో, మా పాండురంగం బాపూ! గుడి మెట్లు ఎక్కేదాక నువ్వు మౌనం పట్టాలె. ఒక్క పూటన్న ఎవ్వల మీద ఏడ్వకుండ దేవుని మొఖం చూడు."

"ఆ దేవుని పేరు సుత రామలింగేశ్వరుడే. ఊర్ల ఇంక పేర్లే దొరకలేదా?" అన్నాడు తాత. ఆ సంగతి మీద ఆయనకు ఎప్పటి నుంచో బాధ ఉంది.

రామలింగం తొడ చరిచాడు. "వీడు మౌనమా! పందెం కడుత. ఇంటి కాడ ఎక్కినప్పటి సంది గుడి మెట్ల దాక ఓర్వలేని మాట ఒక్కటన్నా అన్నడంటే కారు నాకు అమ్మాలె. అనకపోతె నా గద్దె మీద నిలబడి 'వెంకట్రాజం నా కంటె గొప్పోడు' అని బజారంత వినబడేటట్టు మూడు మాట్ల ఒర్లుత. వెనక సీట్ల నేనే కూసుంట, సాక్షి."

ఆ మాట వినడానికి మా తాత దుకాణం రాసిచ్చేస్తాడని అందరం అనుకున్నాం. కాని ఆయన మొఖం వాడిపోయింది. "నడిచి పోదాం. కారుల వద్దు," అని గొణిగాడు. అంత దూరం! నాయనమ్మ మోకాళ్ళతో!

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడిన మొగిలయ్య అన్నాడు: "ఎందుకు శేటూ? నేను లేనా? ఇరువై ఏండ్ల సంది తోల్తాన్న." తాత అతని వైపు చూసి, తల వంచి, "సరే," అన్నాడు.

సోమవారం పొద్దున బయలుదేరాం. ముందు మొగిలయ్య, తాత. వెనక నాయనమ్మ, నేను, రామలింగం. తాత నోరు గుడ్డతో కట్టినట్టు బిగించుకున్నాడు. కారు తెలిసిన దారిలో, తెలిసిన మోరీల మీదుగా హన్మకొండ దాకా బాగానే నడిచింది. అక్కడి నుంచి మా తాతకు దగ్గు పట్టుకుంది. ఒకసారి దగ్గితే కారు ఎడమకు పోయేది, రెండుసార్లు దగ్గితే కుడికి.

సుబేదారి దాటాక రామలింగం ముందుకు వంగాడు. "దగ్గుడు బంద్ చెయ్యిరా. నీ దగ్గుల సుత ఏడుపు వినబడతాంది. ఇంకోసారి దగ్గితె మాటకిందనే లెక్క."

తాత దగ్గు మింగేశాడు. నాకు ఆయన మెడ మీద చెమట కనిపించింది. కాళ్ళ దగ్గరి వేడిగాలి చెమట కాదది. కాజీపేట దాటి ఖాళీ రోడ్డు ఎక్కాం. ముల్లు పదిహేను మీదికి వచ్చింది. అప్పుడే ఎడమ పక్క పొలాల్లోంచి బర్రెల మంద రోడ్డెక్కింది. ఇరవై ముప్పై బర్రెలు, తాపీగా, అత్తగారింటి నుంచి వస్తున్నట్టు.

మొగిలయ్య బండి ఆపలేదు. నెమ్మది కూడా చెయ్యలేదు. నిటారుగా కూర్చుని ముందుకే చూస్తున్నాడు. తాత చెక్క పలక మీద దబదబ కొట్టాడు. మొగిలయ్య ఏమనుకున్నాడో, "అవ్ శేటూ," అని ఇంకొంచెం వేగం పెంచాడు. తాత నోరు తెరిచాడు. మూశాడు. వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. ఆ చూపులో ఏడుపు లేదు, భయం ఉంది.

ఆ చూపుతో నాకు మొత్తం అర్థమైంది. రెండేళ్ళుగా ఈయన ఏడ్చిన ప్రతి ఏడుపుకూ కుడో ఎడమో ఉంది. ప్రతి అసూయకూ ఇన్ని గజాలని కొలత ఉంది. ఇంట్లో కూర్చుని ఏడ్చేటప్పుడు ఈయన ఎప్పుడూ దిక్కులు చెప్పలేదు!

"మొగిలి కాకా!" అని గొంతు చించుకుని అరిచాను. "ముంగటనే బర్రెల మంద! ఇరవై గజాలు లేదు! ఎట్ల బలిసినయో చూడు! నా కడుపు మండుతాంది! నేను ఓర్వ! ఆపు!"

కారు కీచుమని ఆగింది. ఒక బర్రె తోక ముందు దీపం మీద రెండుసార్లు విసురుకుని, మా వైపు జాలిగా చూసి పోయింది.

మొగిలయ్య ఇంజను ఆపి దిగాడు. బానెట్టు మీద చెయ్యి ఆనించుకుంటూ ముందు నుంచి చుట్టి తాత తలుపు దగ్గరికి వచ్చి, తాళంచెవి చాచాడు. చాచిన చెయ్యి తాతకు జానెడు పక్కన గాలిలో ఉంది.

"శేటూ, రెండేండ్ల సంది నాకు కండ్లు ఆనతలేవు. పొగమంచు లెక్క కనబడతది. నువ్వు ఊర్కెనే ఒర్లుతావని, నీ ఒర్లుడు ఇనుకుంట తోలుకొచ్చిన. నీకు తెల్వదనుకున్న. ఇయ్యాల నువ్వు నోరు మూసుకుంటె, నీ దగ్గు ఇంటె సమజైంది, నీకు తెలుసు. కండ్లు ఆనని డ్రైవరు జీతం ముట్టుడు హరాం. తీస్కో. బక్కమ్మను తీస్కొని ఊరికి పోత."

తాత ఆ తాళంచెవి తీసుకోలేదు. మెట్టుగుట్ట ఎదురుగా కనబడుతోంది. ఇంకో మైలు నోరు మూసుకుంటే కారు మాది. రామలింగం గద్దె మీద నిలబడి మూడుసార్లు అరుస్తాడు. మా తాత పుట్టిన దగ్గర నుంచి ఎదురుచూసిన మాట. ఒక్క మైలు! కాని ఏమీ అనకపోతే మొగిలయ్య పోతాడు.

"ఒరే మొగిలీ!" అని తాత గొంతు కాజీపేట దాకా వినబడింది. "కండ్లల్ల పొర, మోతిబిందు, నీ ఒక్కనికే వచ్చిందని ఎగురుతాన్నవా? ఊర్ల అందరికి అన్ని వస్తయి, నాకు ఒక్క మోతిబిందన్న రావద్దా? నాకు సుత ఉన్నది! నీ కంటె పెద్దది ఉన్నది! రేపే దవాఖానకు పోత. నీ కంటె ముందుగాల నేనే కోయించుకుంట. నువ్వు ఊరికి పోయి అక్కడ దొంగచాటున మంచిగ చేయించుకుందామనుకుంటున్నవు గద? నేను ఓర్వ! నా కండ్ల ముందల చేయించుకో!"

అయిపోయింది. ఓర్వలేని మాట ఒకటి కాదు, డజను. అందరం రామలింగం వైపు తిరిగాం. ఆయన కిటికీలోంచి బర్రెలను శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఏమన్నవురా? బర్రెల మెడగంటల మోతల నాకేం వినబడలే. సోమక్కా, నీకేమన్న వినబడ్డదా?"

నాయనమ్మ కొంగుతో మొఖం తుడుచుకుంది. మా ఇంట్లో మామూలు రోజుల్లో కూడా అబద్ధమాడని మనిషి, కార్తీక సోమవారం నాడు గుడి ఎదురుగా అంది: "నాకు సుత వినబడలే. ఆయన మౌనంల ఉన్నడు."

తాతకు ఒళ్ళు మండిపోయింది. "ఇద్దరికి చెవుడు సుత వచ్చిందా? నాకెందుకు రాలే!"

గుడి మెట్ల దాకా నడిచే పోయాం. తాత మొగిలయ్య చెయ్యి పట్టుకున్నాడు, ఎవరైనా చూస్తే తానే ఆసరా కోసం పట్టుకున్నట్టు కనబడేలా కొంచెం కుంటుతూ. కారును ఆ సాయంత్రం ఒక జత ఎడ్లకు కట్టి ఇంటికి చేర్చారు. గంటకు నూట ఇరవై మైళ్ళు ఉరికే బండి మొదటిసారి ఒక్క బిందె నీళ్ళు కూడా అడగకుండా ఊరు చేరింది.

రామలింగం మాట తప్పలేదు. గద్దె మీద నిలబడి మూడుసార్లు అరిచాడు. మా తాత మూడూ విని, "రెండోది సరిగ్గ పలుకలే," అని మళ్ళీ అరిపించాడు.

మర్నాడు తాత, మొగిలయ్య రామలింగం కారులోనే దవాఖానకు పోయారు. వేరే దారి లేదు. ఆ కారు మోరీల మీద ఎవరూ దిగకుండానే పోతుంటే మా తాత కిటికీ పక్కకు మొఖం తిప్పుకుని కూర్చున్నాడు. డాక్టరు ముందు కుర్చీలో మొగిలయ్య కంటే ముందు తానే కూర్చున్నాడు. డాక్టరు దీపం వేసి చూశాడు.

"మీ కళ్ళు చిన్నపిల్లవాడి కళ్ళలాగా ఉన్నాయండీ."

"సరిగ్గ చూడు సారు. కుడి కంట్ల ఒక మూలకు ఉన్నది."

"ఏమీ లేదు."

"జరంతన్న లేదా?"

"జరంత కూడా లేదు."

"వింటివా మొగిలీ! వీళ్ళ దగ్గర సుత పక్షపాతమే. నీకు రెండు, నాకు ఒక్కటి లేదు. పో, నువ్వే చేయించుకో. నాకు దొరకనిది నీకు దొరికింది, ఇడిచిపెడితె ఊకోను."

దవాఖాన అంటే వణికే మొగిలయ్య నవ్వుకుంటూ లోపలికి పోయాడు. కళ్ళకు పచ్చటి గుడ్డ కట్టుకుని పడుకున్నన్ని రోజులూ తాత ఆ మంచం పక్కనే ఉన్నాడు. పరామర్శకు వచ్చినవాళ్ళు తెచ్చిన బత్తాయిలు చూసి, "వీనికే ఎందుకు తెస్తరు, కూసున్నోనికి ఆకలి కాదా?" అని తగువు పెట్టుకుని, వాటిని ఒలిచి ఒక్కో తొన మొగిలయ్య నోట్లో పెట్టేవాడు.

మాఘం వచ్చేసరికి మొగిలయ్యకు సీసా అడుగంత మందం అద్దాలు వచ్చాయి. కారు చుట్టూ ఒకసారి తిరిగి, స్టీరింగు ముందు కూర్చుని, "శేటూ, ఇయ్యాల నువ్వు నోరు ముయ్యి. నేను చూస్త," అన్నాడు.

ఆ రోజు తాత వెనక కూర్చున్నాడు, నేను ముందు. ఊరు దాటాక మొగిలయ్య ఏదో మీట మార్చాడు. ముల్లు లేచింది. ఇరవై, నలభై, అరవై. కారు కేక వేసింది. ఇంజను ఉడకలేదు, కుదుపు లేదు, పొట్ట గీసుకోలేదు. ఇన్నాళ్ళూ మేం దాన్ని నడిపించినందుకే అలిగిందని అప్పుడు తెలిసింది. చెట్లన్నీ వెనక్కి పరిగెత్తాయి. తాత రుమాలు ఎగిరిపోయింది. ఆయన దాని కోసం వెనక్కి కూడా తిరిగి చూడలేదు.

ఊళ్ళోకి తిరిగి వచ్చేటప్పుడు, సుబేదారి నడిబొడ్డున, జనం చూస్తుండగా, ఏ కారణమూ లేకుండా కారు టక్కున ఆగిపోయింది. మొగిలయ్య బానెట్టు కింద దూరాడు. నేను వెనక్కి తిరిగాను. మనసు నిండిపోయి ఉంది.

"తాతా, నాకు అంత సమజైంది. నీకు ఓర్వలేనితనం ఏం లేదు. మొగిలి కాక పోవద్దనే ఇదంత చేసినవ్. ఇన్నేండ్లు ఊరంతటిని మోసం చేసినవ్. నీ అంత మంచోడు వరంగల్ జిల్లల లేడు. నేను అందరికి చెప్త."

తాత నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"ముందట సీట్ల నువ్వు కూసుంటె నాకు కడుపు మండుతాంది. దిగు. దిగి కారు నూకు."